ఫ్యాను లేని చదువుల గది

ఆ ఆదివారం ఉదయం ఆర్కిటెక్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, కిటికీ పక్కన బంక ఆరుతున్న గ్రంథాలయం అట్ట నమూనాను ఎత్తుకుని కాలనీ సమావేశానికి వెళ్లడం. మిగిలిన ఒక్క ఖాళీ స్థలంలో ఆయన గీసిన ఫ్యాన్లు అక్కర్లేని గ్రంథాలయం కట్టాలా, కార్ల షెడ్డు వేయాలా అన్నది ఈ రోజే తేలిపోతుంది. "ఫ్యాను లేకపోతే లోపల ఎవడు కూర్చుంటాడయ్యా?" అని ప్రెసిడెంటు ముందే షెడ్డు వైపు మొగ్గాడు.

ఆర్కిటెక్టు మనసులో మాత్రం గ్రంథాలయం ఎప్పుడో లేచింది. ఎదురెదురు కిటికీల్లోంచి గాలి వచ్చిపోతోంది. కప్పు మీది వాన నీళ్లు మెల్లగా తొట్టిలోకి జారుతున్నాయి. ఒకరితో ఒకరు మాటలు మానేసిన పొరుగువాళ్లు ఒకే బల్ల దగ్గర పేజీలు తిప్పుతున్నారు. ఈలోగా కాఫీ చల్లారిపోయింది.

ఆ ఊహల్లో తేలిపోతూ వెళ్లి నమూనా కప్పు ఎత్తి చూస్తే, చదువుల గదిలో వీధి పిల్లి, దాని పొట్ట దగ్గర నాలుగు కూనలు.

"కదిపారంటే ఊరుకోను అల్లుడుగారూ! పచ్చి బాలింత" అంటూ అత్తగారు అడ్డం నిలబడింది.

హడావుడిగా ఆయన ప్రెసిడెంటుకు ఫోన్ చేశాడు. "నేను రాలేనండీ. ఇంట్లో ఇప్పుడే కాన్పయింది. ఒకటి కాదు, నాలుగు!"

"నాలుగా! కంగారుపడకండి, మేమే వస్తున్నాం."

కాసేపటికి కాలనీ అంతా గుమ్మంలో ఉంది. చేతుల్లో బుల్లి గౌన్లు, ఫ్లాస్కులు, ఒక ఊయల. చీపురు పట్టుకుని తలుపు తీసింది ఆర్కిటెక్టు భార్య.

"నిన్న కూడా మెట్లెక్కుతూ కనిపించావు, ఏమీ తెలియనేలేదమ్మా!" అని ఎదురింటి పిన్నిగారు చీపురు లాక్కుని ఆమెను సోఫాలో పడుకోబెట్టింది.

"ఏమండీ, నాకేమైందిట?" అని ఆమె పళ్లు నూరింది. ఆయన నమూనా వైపు వేలు చూపించాడు.

అందరూ అందులోకి తొంగి చూశారు. నవ్వులు మిన్నంటేలోపే అత్తగారు గదమాయించింది. "ష్! పిల్లలు పడుకున్నారు."

అందరూ చప్పున నేల మీద చతికిలబడ్డారు. నీళ్ల పంపు దగ్గర తగువు పడి ఏళ్లుగా పలకరించుకోని ఇద్దరు తలలు దగ్గరపెట్టి కూనల రంగుల గురించి గుసగుసలాడుకున్నారు. ఒకాయన అలమరాలోంచి పుస్తకం తీసి చదువుకోసాగాడు. ఆర్కిటెక్టుకు తాను కలగంటున్నాడో, మెలకువగా ఉన్నాడో తెలియలేదు. చాలా సంతోషంగా మాత్రం ఉంది.

ప్రెసిడెంటు నమూనా కిటికీలో చెయ్యి పెట్టి చూశాడు. "గాలి బాగానే ఆడుతోందయ్యా. పిల్లి ఊరికే దూరలేదు" అని, గొంతు తగ్గించి, "గ్రంథాలయానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

గౌన్లతో సహా చేతులన్నీ లేచాయి. ఆర్కిటెక్టుకు కళ్లనీళ్లు తిరిగాయి.

చప్పట్లకు మాత్రం అత్తగారు అనుమతి ఇవ్వలేదు.