ఎడమ దిక్కు మర్లు

ఆ ఆదివారం ప్రణాళిక చాలా తేలిక. ఆరింటికి ఇడ్లీ, ఏడింటికి బయలుదేరడం, ఏడున్నరకు గచ్చిబౌలిలో పరీక్షా కేంద్రం, తొమ్మిది వరకు సంయుక్త ప్రశాంతంగా కూర్చోవడం. నరసింహమూర్తి ఈ నాలుగు ముక్కలూ క్యాలెండరు వెనక రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. తొమ్మిది గంటలకు గేటు మూస్తారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఆ మాట మాత్రం ఎర్ర పెన్నుతో రాశాడు.

సంయుక్త అతని బావమరిది కూతురు. రాజోలు దగ్గర పల్లెటూళ్ళో చదువుకుంది. ఈ పరీక్ష కోసం మూడు రోజుల క్రితమే మణికొండలోని మేనత్త ఇంటికి వచ్చింది. ఈసారి సీటు రాకపోతే చదువు ఆపి ఇంటి దగ్గర ఉండమని వాళ్ళ నాన్న చెప్పేశాడు. ఆ పిల్ల మాట్లాడితే పక్కనున్న వాళ్ళకు కూడా సగమే వినబడుతుంది. ఆ సగం కూడా ఎదుటివాళ్ళు ఊహించుకోవాలి.

నరసింహమూర్తి కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసుకు బస్సులో వెళతాడు. కారు ఆదివారాలు మాత్రమే బయటికి తీస్తాడు. ఫోనులో మ్యాపు పెట్టుకోవచ్చు కదా అంటే ఒప్పుకోడు. ఒకసారి అలాగే పెట్టుకుంటే మధ్యలో మరదలు ఫోన్ చేసింది. ఆవిడ మాట్లాడినంతసేపూ మ్యాపు కనబడలేదు. ఆవిడ ఫోన్ పెట్టేసేసరికి కారు విమానాశ్రయం దగ్గరుంది.

అందుకని దారి చెప్పే పరికరం విడిగా కొనాలనుకున్నాడు. నెలకు నాలుగుసార్లు వాడేదానికి కొత్తది దండగ అని, పరీక్షకు ముందు రోజు ఎర్రగడ్డలో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. దుకాణం నడిపే గిరీష్ అరచేయంత నల్లటి డబ్బా ఒకటి తుడిచి చేతిలో పెట్టాడు.

"ఫోన్లు రావు కదా ఇందులో?"

"రావు సార్. దారి చెప్పుడొక్కటే దీని పని."

"తెలుగు మాట్లాడుతుందా?"

గిరీష్ ఒక్క క్షణం ఆలోచించాడు. "మస్తు మాట్లాడుతది సార్" అన్నాడు.

ఆదివారం ఉదయం ఏడింటికి అందరూ కారెక్కారు. రబ్బరు మూతి ఉన్న స్టాండును నరసింహమూర్తి స్టీరింగు పక్కన అంటించాడు. అది అంటుకోకుండా అటూ ఇటూ ఊగింది. "ఒక్క నిమిషం" అని లోపలికి పరుగెత్తి, చేతికందిన కాగితమేదో మడిచి తెచ్చి దాని కింద దోపాడు. ఊగడం ఆగింది. తన తెలివికి తానే సంతోషించి, తాళం వేసి వచ్చి, బండి తీశాడు.

వీధి చివరికి రాగానే డబ్బా నోరు విప్పింది. ఆడగొంతు. బాగా గట్టి గొంతు.

"ఎడమ దిక్కు మర్లు!"

నరసింహమూర్తి ఉలిక్కిపడ్డాడు. పక్కనే కూర్చున్న రత్నమాల అతని వైపు తిరిగింది.

"ఏవండీ, ఏమంటోంది ఆవిడ?"

"ఎడమ దిక్కు... మరులు అంటోంది."

"పొద్దున్నే మరులేంటండీ?"

"నాకేం తెలుసు? నిన్ననే కదా కొన్నాను!"

"ఎడమ దిక్కు మర్లు!" అని మళ్ళీ అంది డబ్బా.

రత్నమాల అనుమానంగా ఎడమ దిక్కుకు చూసింది. ఎడమ దిక్కున ఉన్నది తనే.

వెనక సీట్లోంచి సంయుక్త "తిరగమంటోందేమో మావయ్యా" అంది. ఎవరికీ వినబడలేదు. ఆ సందు దాటిపోయింది.

"ఎనుకకు మర్లు! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"క్షమించండి" అన్నాడు నరసింహమూర్తి కంగారుగా.

"దానికి క్షమాపణలేంటండీ! ఇరవై రెండేళ్ళలో నాకెప్పుడైనా చెప్పారా?"

"నువ్వెప్పుడైనా ఇంత గట్టిగా అడిగావా?"

మర్లు అంటే తిరగడమని వాళ్ళకు అర్థమయ్యేసరికి కారు ఒకే ఫంక్షన్ హాలు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి అక్కడి వాచ్‌మన్ లేచి నిలబడి దండం కూడా పెట్టాడు. ఆ తర్వాత నరసింహమూర్తికి అలవాటు పడింది. డబ్బా సీదా పొమ్మంటే సీదా పోయాడు, మర్లమంటే మర్లాడు. ఏడూ నలభైకి గచ్చిబౌలిలో ఒక పెద్ద గేటు ముందు కారు ఆగింది.

"జాగా వచ్చింది. దిగు" అంది డబ్బా. నరసింహమూర్తి వెంటనే దిగాడు.

"చూశావా! అండీ లేదన్న మాటే గానీ, పని మాత్రం పక్కా!"

వెనక సీట్లో సంయుక్త సంచి మొత్తం ఒళ్ళో కుమ్మరించుకుంది. పెన్నులు, నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, అమ్మ ఇచ్చిన కర్చీఫు అన్నీ ఉన్నాయి. ఆమె ముఖం తెల్లబడింది.

"ఏమైందే?" అంది రత్నమాల.

"..."

"గట్టిగా చెప్పు తల్లీ."

"హాల్ టికెట్ అత్తయ్యా. దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకున్నాను. తీసుకోవడం మర్చిపోయాను."

ఇంకొకటి ప్రింటు తీసినా పనికిరాదు. దానిమీద ఫొటో అంటించి, ఆ ఫొటో మీద ప్రిన్సిపాల్ గారి సంతకమూ ముద్రా వేయించాలి. ప్రిన్సిపాల్ గారు రాజోలులో ఉన్నారు.

"ఫికరు లేదు!" అన్నాడు నరసింహమూర్తి. ఈ ఊరొచ్చాక అతను నేర్చుకున్న ఒకే ఒక్క మాట అది. "ఇంకా గంటకు పైనే ఉంది. ఇంటికెళ్ళి వచ్చేద్దాం."

"దారి తెలుసా?"

"నాకెందుకు తెలియాలి?" అంటూ డబ్బా మీద చిన్న ఇల్లు బొమ్మను వేలితో నొక్కాడు. తెర మీద గీత పడింది. "అదిగో, మన ఇల్లు చూపిస్తోంది."

"నిన్న కొన్నారు. మన ఇల్లు దానికెలా తెలుసండీ?"

"అదే కదా టెక్నాలజీ!"

టెక్నాలజీ వాళ్ళను కొత్తగూడ వైపు తీసుకెళ్ళింది. హైటెక్ సిటీలో అద్దాల మేడల మధ్య నుంచి తీసుకెళ్ళింది. "ఇవి పొద్దున్న మనం చూసిన మేడలేనా?" అని రత్నమాల అడిగింది. మేడలన్నీ ఒకేలా ఉంటాయని, అద్దం అద్దమేనని నరసింహమూర్తి చెప్పాడు. "మనం రైలు పట్టాలు దాటి రాలేదు మావయ్యా" అని సంయుక్త అంది. వినబడలేదు. రోడ్డు సన్నబడింది. రైల్వే స్టేషను బోర్డు మీద బోరబండ అని ఉంది. దాన్ని సంయుక్త ఒక్కతే చదివింది.

సందు ఇంకా సన్నబడింది. రెండు వైపులా అద్దాలు మడుచుకుని, కోడిని ఒకదాన్ని తప్పించుకుని, కారు ఒక ఆకుపచ్చ గేటు ముందు ఆగింది. ఎనిమిదీ పది.

"ఇల్లొచ్చింది. చెప్పులు బయట ఇడిసి లోపటికి రా" అంది డబ్బా.

"ఎవలది?" అంది గేటు.

నరసింహమూర్తి డబ్బా వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. రెండూ ఒకే గొంతు. గేటు తెరుచుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న ఒకావిడ చేతిలో ముగ్గు డబ్బాతో బయటికి వచ్చింది. నరసింహమూర్తి కారు దిగి, తనకు తెలియకుండానే చెప్పులు విడిచాడు.

"ఈవిడే!" అన్నాడు భక్తిగా. "రత్నం, ఈవిడేనే!"

"మీరెవరండీ?" అని రత్నమాల ఆవిడను నిలదీసింది.

"నా ఇంటి ముంగట కారు ఆపి, నన్ను ఎవలంటున్నవా అమ్మా? నీలమ్మనంటరు నన్ను. మీరెవలు?"

"చెప్పులు బయట ఇడిసి లోపటికి రా" అంది కారులోంచి డబ్బా.

నీలమ్మ చేతిలోంచి ముగ్గు డబ్బా జారిపోయింది.

"అగో! గది నా గొంతు! ఏం జేస్తున్నవయ్యా నా గొంతుతోని?"

"నిన్న కొనుక్కున్నానండీ."

"ఏందీ? నా గొంతు కొనుక్కున్నవా? ఎవడమ్మిండు?"

సరిగ్గా అప్పుడే ఆవిడ భర్త రామచంద్రం నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చాడు. కారు చూశాడు. డబ్బా చూశాడు. నురగతోనే వెనక్కి తిరిగాడు.

"నితీషు నాయినా! జర ఇటు రా!" అని నీలమ్మ కొడుకు పేరు పెట్టి మొగుణ్ణి కేకేసింది.

రామచంద్రం క్యాబు నడుపుతాడు. దారులు మర్చిపోతాడు. ఆ డబ్బాలో మనకు కావలసినవాళ్ళ గొంతు నింపుకోవచ్చని ఎవరో చెబితే, నీలమ్మ ఒక పూటంతా కూర్చుని తన గొంతు నింపింది. మూడు నెలల క్రితం దాన్ని ఎవరో ఎత్తుకుపోయారని రామచంద్రం ఇంటికొచ్చి ఆవిడతో చెప్పాడు.

"మూడు నెల్ల సంది పొద్దుగాల లేసి ఆ దొంగను తిడుతున్న!" అంది నీలమ్మ. "గిన్ని తిట్లు తిట్టినా వాడు సావలేదేందని పరేషాన్ అయితున్న. వాడు నా పక్కనే కూసోని చాయ్ తాగుతుండె!"

"గట్ల గాదు నీలమ్మా" అన్నాడు రామచంద్రం నోరు తుడుచుకుంటూ. "ఇంట్ల గదే గొంతు, బండ్ల గదే గొంతు. ఒకనాడు ప్యాసింజరు సారు గా గొంతుకు భయపడి ఆఫీసుకాడ దిగి చెప్పులిడిసిపోయిండు."

"మరైతే అది దొంగసొత్తా?" అంది రత్నమాల. "ఏవండీ, దొంగసొత్తు కొన్నారా!"

"దొంగసొత్తు కాదమ్మా, నా సొత్తే."

"నా గొంతు నీ సొత్తెట్లయితదయ్యా!"

పక్కింటి వాళ్ళు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు. కోడి కూడా వచ్చింది. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అప్పుడు కారు వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

"నా పరీక్ష తొమ్మిదింటికి!"

అరిచింది ఎవరా అని నరసింహమూర్తి చుట్టూ చూశాడు. అతని దృష్టి మేనకోడలి మీద చివరికి గానీ ఆగలేదు. సంయుక్త కూడా తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు చూసుకుంది.

"తొమ్మిదింటికి గేటు మూస్తారు" అంది, ఈసారి మామూలుగా, కళ్ళ నీళ్ళతో. "హాల్ టికెట్ ఇంట్లో ఉంది. ఇల్లు ఎక్కడుందో ఇక్కడెవరికీ తెలియదు."

నీలమ్మ మొహం మారిపోయింది. "ముందుగాల చెప్పరాదు బిడ్డా! నీ సంగతి తర్వాత" అని మొగుడికి వేలు చూపించి, కారులోకి వంగి తన గొంతును తనే పట్టుకుని ఒక్క లాగు లాగింది. స్టాండుతో సహా ఊడివచ్చింది. దాని కింది కాగితం ఎగిరి సంయుక్త కాళ్ళ దగ్గర పడింది.

నాలుగు మడతల కాగితం. నాలుగు మూలలా పసుపు. సంయుక్త విప్పింది. లోపలి నుంచి ఆమె ఫొటోయే ఆమెను చూసింది.

రత్నమాల మొగుడి వైపు చూసింది. ఆ చూపు కన్నా తిట్లే నయం.

"పసుపుంటే ప్రసాదం పొట్లం కాగితమనుకున్నాను" అన్నాడు నరసింహమూర్తి.

"మరి ఇగ నిలవడ్డవేంది? తోలు!" అంది నీలమ్మ. అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. "గచ్చిబౌలిల ఒక ఆఫీసు క్యాంటీన్ల వంట చేస్త. రోజు పోయే తొవ్వే. ఆ డబ్బ ఎందుకు, నేనున్న గదా."

రత్నమాల వెనక కూర్చుంది. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి కారు కదిలింది.

"కుడి దిక్కు మర్లు. సీదా పో. సీదా అంటే సీదా, ఆ ఆటో ఎనుక గాదు. ఎడమ దిక్కు మర్లు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"క్షమించండి" అన్నాడు నరసింహమూర్తి. వెనక నుంచి రత్నమాల మొదటిసారి నవ్వింది.

ఎనిమిదీ యాభై ఆరు. సెక్యూరిటీ గార్డు ఒక తలుపు మూసి రెండో తలుపు మీద చెయ్యి వేశాడు. "జాగా వచ్చింది. ఉరుకు బిడ్డా!" అంది నీలమ్మ. సంయుక్త ఉరికింది.

గేటు దగ్గర ఇన్విజిలేటరు కాగితం విప్పి చూశాడు. స్టాండు రబ్బరు మూతి ఒత్తుకుని ఫొటో చుట్టూ గుండ్రటి మచ్చ పడింది. ప్రిన్సిపాల్ గారి ముద్ర, ఆ మచ్చ కలిసి రెండు ముద్రల్లా కనబడుతున్నాయి. "రెండుసార్లు వేయించావా? జాగ్రత్త గల పిల్లవి" అని అతను లోపలికి పంపేశాడు.

మధ్యాహ్నం నీలమ్మను ఇంటి దగ్గర దింపి వచ్చారు. డబ్బాను ఆవిడ కొంగులో చుట్టుకుని తీసుకెళ్ళింది. నా గొంతు నా మొగుని బండ్లనే ఉంటదని చెప్పింది. నరసింహమూర్తి సరేనన్నాడు. రామచంద్రం మాత్రం ఆ కొంగు వైపు దిగులుగా చూశాడు.

నెలన్నరకు ఫలితాలు వచ్చాయి. సంయుక్తకు సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. ఆ మాట ఫోనులో నాన్నకు ఎంత గట్టిగా చెప్పిందంటే, కింది అంతస్తు ప్రియదర్శిని గారు పైకొచ్చి స్వీటు అడిగారు. సర్టిఫికెట్లు చూపించడానికి మళ్ళీ కారు తీయాలి, అదీ ఆదివారం కాని రోజున. నరసింహమూర్తి ఎర్రగడ్డ దుకాణానికి వెళ్ళాడు.

"మంచి టైముకొచ్చిండ్రు సార్" అన్నాడు గిరీష్. "నిన్ననే ఒకాయన అమ్మిపోయిండు. బేరం గిట్ల ఏం చెయ్యలే, చేతుల పెట్టి ఉరికిండు." అరచేయంత నల్లటి డబ్బా తుడిచి బల్ల మీద పెట్టాడు.

తెలుగు మాట్లాడుతుందా అని ఈసారి నరసింహమూర్తి అడగలేదు.