అమీర్‌పేట గల్లీలో ఓడ బేరం

ఆ పొద్దున హనుమాండ్లు అనుకున్నది చాలా చిన్న పని. ఓడను కడగాలి. దండ వేయాలి. ఎండ ముదరకముందే కొనడానికి వచ్చే పార్టీకి చూపించి బయానా పుచ్చుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికి పోయి పచ్చిపులుసుతో అన్నం తిని పడుకోవాలి. రేపు వినాయక చవితి కాబట్టి ఇవాళే తెమలాలి.

ఓడ అంటే మాటకు ఓడ కాదు. సముద్రాలు దాటి పోవడానికి కట్టిన తెరచాప పడవ. లోపల ఇద్దరు పడుకునే మంచాలు, కూర్చునే చోటు, అల ఎటు వంచినా తాను మాత్రం వంగని వంటపొయ్యి ఉన్నాయి. చక్రపాణి గారని విశాఖపట్నం ఆయన, సరుకుల ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరై, ప్రపంచం చుట్టి వద్దామని దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. భార్య కమలకుమారి గారు దాని మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు. నేల మీద నడవడానికే మోకాళ్ళు సహకరించడం లేదు, నీళ్ళ మీద ఏం తిరుగుతానని ఆమె వాదన. తర్వాత వాళ్ళు అమీర్‌పేటలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశారు. ఆయన పడవను వదల్లేక ట్రైలరు మీద వెంట తెచ్చుకున్నాడు. ఉప్పునీళ్ళ మాట అటుంచి మంచినీళ్ళే సరిగ్గా రాని గల్లీలో, హాస్టళ్ళ మధ్య ఖాళీ జాగాలో, ఇనుప స్టాండు మీద అది నిలబడిపోయింది. కోచింగుకు వచ్చిన పిల్లలు దాని నీడన కూర్చుని ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టేవారు.

చివరికి కమలకుమారి గారు, "అమ్మేస్తారా, అందులోనే కాపురం పెడతారా, తేల్చుకోండి" అన్నది. చక్రపాణి గారు తేల్చుకుని హనుమాండ్లు దగ్గరికి వచ్చాడు.

హనుమాండ్లు పాత బండ్ల బ్రోకరు. పంజాగుట్టలో జిరాక్స్ షాపు ముందున్న ప్లాస్టిక్ కుర్చీ ఆయన ఆఫీసు. ఆ కుర్చీలోంచి లేవకుండానే ఆటోలు, ట్రాలీలు, జేసీబీలు, ఒకసారి పెండ్లిగుర్రంతో సహా బగ్గీ అమ్మాడు. పక్క కుర్చీ గులాం మొహియుద్దీన్‌ది. ఆయనదీ అదే దందా. ఒకరి పార్టీని ఒకరు లాక్కుంటూ, ఒక చాయ్‌ని సాసర్లో ఇద్దరూ పంచుకుంటూ ముసలివాళ్ళయ్యారు.

"గా ఓడను ఎవడు కొంటడు భాయ్?" అన్నాడు మొహియుద్దీన్ ఓడ సంగతి విన్ననాడు. "హైదరాబాద్‌ల ఓడ అమ్ముడంటే గోదావరిల ఒంటె అమ్మినట్టే."

"హనుమాండ్లు అమ్మలేని బండి ఇంక పుట్టలే."

"అమ్మకపోతే?"

"చవితి లోపల అమ్మకపోతే గీ కుర్చీ ఎత్తి నీ చేతికిస్త. ఇంట్ల కూసొని చిక్కుడుకాయలు ఏరుకుంట."

చాయ్ హోటలంతా విన్నది. హోటలు విన్న మాట వెనక్కు పోదు. నిజానికి ఆ కుర్చీ పోతే హనుమాండ్లుకు పొద్దున లేచి పోవడానికి ఇంకో చోటు లేదు. ఇంట్లో ఆయన భార్య సీతాబాయి అప్పటికే చిక్కుడుకాయలకు ఒక చాట సిద్ధం చేసి పెట్టింది.

పాత బండిని చూపించడంలో ఆయనదొక పద్ధతి. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, ఊదుబత్తి ముట్టిస్తాడు. దండ వేసిన బండిలో ఎవడూ తప్పు వెతకడని ఆయన నమ్మకం. ఓడకూ అదే చేశాడు. సనత్‌నగర్ నుంచి క్రేను తెప్పించి, పడుకోబెట్టి ఉన్న తెరచాప స్తంభాన్ని నిలబెట్టించాడు. దాని కొస నుంచి రెండు వైపులకూ పూలదండలు జార్చాడు. చుట్టూ మామిడాకులు, హాస్టల్ కరెంటుతో సీరియల్ లైట్లు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెడదామని వంగి చూశాడు. చక్రాలు లేవు. స్టాండు కింద పెట్టాడు.

అంతలో పార్టీ ఫోను. భార్గవ్ అని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సముద్రం మీద తిరగాలనుకుంటున్న కుర్రవాడు. గల్లీ దొరక్క మెట్రో స్టేషన్ కింద నిలబడి ఉన్నాడు. క్రేనువాణ్ణి చాయ్ తాగమని చెప్పి హనుమాండ్లు ఎదురు పోయాడు. ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే ఇదే. చవితి ముందురోజు, పూలతో లైట్లతో అలంకరించిన దేన్నీ హైదరాబాద్‌లో ఒంటరిగా వదిలి పోకూడదు.

భార్గవ్‌ను వెంటబెట్టుకుని గల్లీ మలుపు తిరిగేసరికి బ్యాండు వినిపించింది. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి డీసీఎం వ్యాను కనిపించింది. ఓడ చుట్టూ జనం. పైన గాలిలో, హనుమాండ్లు కిరాయికి తెచ్చిన క్రేనుకే వేలాడుతూ, ఇద్దరు మనుషులెత్తు గణపతి మెల్లగా ఓడ మీదికి దిగుతున్నాడు.

"అరే రిషీ! ఏం చేస్తుండ్రు రా?"

రిషి గల్లీ యూత్ సంఘానికి ప్రెసిడెంటు. పరుగున వచ్చి హనుమాండ్లు కాళ్ళకు దండం పెట్టాడు. "అన్నా, మస్తు చేసినవ్! పైపుల కోసం తవ్వి మా జాగ ఖరాబ్ చేసిండ్రని, దేవుణ్ణి వ్యాన్ల పెట్టుకొని పొద్దటి నుంచి తిరుగుతున్నం. నువ్వేమో చెప్పకుంట చేయకుంట చక్రపాణి సార్ ఓడనే ఏకంగ సెట్టింగు చేసి పెట్టినవ్!"

"సెట్టింగు కాదు రా. అసలు ఓడ. అమ్మకానికి పెట్టిన."

"చూసిండ్రా?" రిషి జనం వైపు తిరిగాడు. "పేరు చెప్పుకునే మనిషి కాదు."

"నీయవ్వ, నిజంగ అమ్మకానికే!"

"అన్నకు గుప్తదానమంటే ఇష్టం" అని రిషి మైకులో చెప్పాడు. ఆ మైకు బోరబండ దాకా వినిపిస్తుంది. దాంతో దానం గుప్తంగా కూడా మిగల్లేదు.

గణపతి కూర్చున్నాడు. కొబ్బరికాయ పగిలింది. ఒకసారి కూర్చున్న దేవుణ్ణి నిమజ్జనం దాకా కదపకూడదు. హనుమాండ్లు కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఎంత కోపం వచ్చినా అలవాటు అలవాటే.

భార్గవ్ చాలాసేపు పైకి చూసి, "అంకుల్, ఈయన కూడా ఓడతో పాటే వస్తాడా?" అన్నాడు.

"లేదు సార్, నిమజ్జనం నాడు దిగిపోతడు. మీరు ఓడను చూడున్రి."

భార్గవ్ చూడ్డం మొదలుపెట్టాడు. పాత పడవ కొనేవాడు దాని ఒళ్ళంతా వేళ్ళతో తట్టి వినాలి. లోపల నీరు పట్టి ఉంటే చప్పుడు మారుతుంది. అతను పడవ పక్కకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, టకటకమని తట్టాడు. వెనకున్న ఒకావిడ అది చూసింది. కొత్త రకం మంటపం, కొత్త రకం మొక్కు కాబోలనుకుంది. ఆమె కూడా చెవి ఆనించి, తట్టి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. ఆమె వెనక ఇంకొకరు. భార్గవ్ తట్టుకుంటూ చుట్టూ తిరిగితే, వెనక వరుస కూడా తట్టుకుంటూ ప్రదక్షిణం చేసింది. అడుగుభాగం చూడ్డానికి అతను నేల మీద బోర్లా పడుకున్నాడు. వరుసంతా సాష్టాంగపడింది.

"సార్, తొందరగ రేటు చెప్పున్రి" అన్నాడు హనుమాండ్లు చెమట తుడుచుకుంటూ.

బ్యాండు హోరులో మాట వినపడదని భార్గవ్ గొంతు చించుకుని రేటు అరిచాడు. సరిగ్గా అదే క్షణాన బ్యాండువాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. గల్లీ మొత్తం ఆ రేటు విన్నది.

రిషి మైకు లాక్కున్నాడు. "సార్ పాట పాడిండు! వేలం షురూ!"

"లడ్డూ వేలం ఆఖరి నాడు గద?" అన్నారెవరో.

"గిది లడ్డూ కాదు, ఓడ."

"గట్లనా" అన్నారు అందరూ. అంతకంటే వివరం ఎవరికీ అవసరం పడలేదు.

ప్లాట్ల వ్యాపారం చేసే మహిపాల్ చేయెత్తాడు. ఏటా లడ్డూ పాటలో ఎవరో ఒకరు తనను మించిపోతున్నారని ఆయనకు కడుపుమంట. భార్గవ్ ఉలిక్కిపడి పెంచాడు. మహిపాల్ ఇంకా పెంచాడు. హనుమాండ్లు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఒక ఓడకు రెండు పార్టీలు! ఆయన అమ్మిన ఏ జేసీబీకీ ఇంత గిరాకీ రాలేదు. మొహియుద్దీన్ ఎప్పుడొచ్చాడో, సాసర్‌తో చాయ్ తాగుతూ గోడకానుకుని చూస్తున్నాడు. హనుమాండ్లు ఆయన వైపు చూసి మీసం దువ్వాడు.

గొడవ విని చక్రపాణి గారూ కమలకుమారి గారూ వచ్చారు. రిషి ఆయనకు శాలువా కప్పి మైకు ముందుకు లాగాడు. "ఓడ దాత చక్రపాణి గారు! వచ్చిన పైసలన్నీ గణపతి అన్నదానానికి! చప్పట్లు!"

హనుమాండ్లు చేయి మీసం మీదే ఆగిపోయింది.

"అది కాదండీ, ఆ డబ్బు..." అని చక్రపాణి గారు మొదలుపెట్టాడు. వెయ్యి చేతులు చప్పట్లు కొట్టాయి. ఎదురుగా గణపతి. ఆ చూపు ముందు నిలబడి 'ఆ డబ్బు నాది' అనగల మగాడు గల్లీలో లేడు. చక్రపాణి గారు మిగతా మాట మింగి నమస్కారం పెట్టాడు.

ఈలోపు ఆడవాళ్ళు కమలకుమారి గారిని చుట్టుముట్టారు. ఓడ గల ఇల్లాలు, తొలి హారతి ఆమే ఇవ్వాలన్నారు. మోకాళ్ళంటే వినలేదు. ముందు నలుగురు లాగి, వెనక నలుగురు నెట్టి నిచ్చెన ఎక్కించారు. ఆమె హారతి ఇచ్చింది. ఆయాసం తీర్చుకోవడానికి అక్కడే అరుగులాంటి దాని మీద కూర్చుంది. ఇళ్ళ మీదుగా గాలి వచ్చింది. దూరంగా మెట్రో రైలు, ఆమె కళ్ళ ఎత్తులో, నీళ్ళ మీద జారినట్టు పోయింది.

"ఏవండీ!" అని పైనుంచి పిలిచింది. "ఇంత గాలొస్తుందని ఒక్కనాడైనా చెప్పారా?"

"కొన్న దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నానే!"

"మీరు చెబితే గాలొస్తుందా?" అంటూ ఆమె లోపలికి దిగింది. కాసేపటికి తల బయట పెట్టి, "పొయ్యి భలేగా ఉందండీ. కదిపినా పాలు ఒలకవు" అన్నది.

కింద భార్గవ్ చేతులెత్తేశాడు. అతని జీతం ఆగి చాలా నెలలయింది. మహిపాల్ విజయగర్వంతో పక్కవాళ్ళకు చెబుతున్నాడు. "మా వెంచర్ గేటుకు పెడ్త. నడిమికి కోసి సగం గీ దిక్కు, సగం గా దిక్కు. సీ వ్యూ ప్లాట్లని పేరు పెడ్త."

చక్రపాణి గారి మొహం పాలిపోయింది. తుక్కు బండ్లను కూడా హనుమాండ్లు నడిపేవాడికే అమ్మాడు తప్ప కోసేవాడికి అమ్మలేదు. కానీ పాట ఆగిపోతే కుర్చీ పోతుంది. ఆయన గణపతి వైపు చూశాడు. గణపతి ఉండ్రాళ్ళ వైపు చూస్తున్నాడు.

"ఒకటోసారి! రెండోసారి!" అన్నాడు రిషి.

ఓడ మీద హారతి పళ్ళెం పైకి లేచింది. కమలకుమారి గారు పెంచింది.

మహిపాల్ నివ్వెరపోయాడు. "అమ్మా, ఓడ మీదే గద, మీరెందుకు పాడుతుండ్రు?"

"మాది కాబట్టే పాడుతున్నాను. మీదైతే నాకెందుకు?"

ఆయన పెంచాడు. ఆమె పెంచింది. ఆయన మళ్ళీ పెంచాడు. ఆయన మాట పూర్తి కాకముందే ఆమె పెంచింది. కింద చక్రపాణి గారు శాలువాతో సహా గంతులు వేస్తున్నాడు. "కమలా! మన డబ్బిచ్చి మన పడవ మనం కొనుక్కోవడమేంటి?"

"కొనకపోతే పడవ పోతుంది, డబ్బూ రాదు. కొంటే డబ్బొక్కటే పోతుంది. నోరు మూసుకుని దణ్ణం పెట్టుకోండి."

మహిపాల్ తలెత్తి చూశాడు. పెద్దావిడ, చేతిలో హారతి, వెనక గణపతి. ఇక పెంచితే గల్లీలో తలెత్తుకోలేనని అర్థమై దండం పెట్టి తప్పుకున్నాడు. మూడోసారి పడింది. బ్యాండు మోగింది. భార్గవ్ నిచ్చెన దగ్గరికి పోయి, "ఆంటీ, మీరు ఎప్పుడైనా బయలుదేరితే నేను కూడా రావచ్చా?" అని అడిగాడు.

"వంటొచ్చా?"

"వచ్చు ఆంటీ."

"అయితే మీ అంకుల్‌ని అడుగు. నన్నెక్కించడానికి ఎనిమిది మంది కావాలని కూడా చెప్పు."

హనుమాండ్లు గోడ దగ్గరికి పోయి మొహియుద్దీన్ పక్కన నిలబడ్డాడు.

"అమ్ముడుపోయినట్టా, పోనట్టా?" అన్నాడు హనుమాండ్లు.

మొహియుద్దీన్ సాసర్‌లో మిగిలిన చాయ్ ఆయనకిచ్చాడు. "మైకుల చెప్పిండ్రు గద భాయ్. మైకుల చెప్పినంక పోనట్టెట్లయితది? కుర్చీ నీదే. షాపు ముంగట జర పక్కకు ఏసుకో, నీడంత నీకే పోయి ఎండ నాకు తగుల్తది."

కుర్చీ దక్కింది. ఇక కమీషన్. పంజాగుట్ట దందాలో బ్రోకరుకు రెండు వైపులా కమీషన్ ఆనవాయితీ. హనుమాండ్లు చవితి నాడు పూజ ముగించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చక్రపాణి గారి ఫ్లాటుకు వెళ్ళాడు. దంపతులు ఒకే సోఫా మీద కూర్చుని ప్రపంచపటం చూస్తున్నారు.

అమ్మినాయన కొన్నావిడను అడగమన్నాడు. కొన్నావిడ అమ్మినాయనను అడగమన్నది.