బన్ను మింగిన కప్ప

పదింటికి, ల్యాబులకు డబ్బు మంజూరు చేసే ఒనొదెరా గారు వస్తారు. పదిన్నరకు రేకు ముడుచుకుంటుంది. పదకొండుకు ఆవిడ సంతకం పెడతారు. ఆ ఉదయం షిరహసే వేసుకున్న లెక్క ఇదే. సంతకం పడకపోతే జపాన్‌లో, కనజవా ఊళ్లో అతను పనిచేసే ల్యాబుకు సాయంత్రమే తాళం. అతని ఆరేళ్ల పని మట్టిపాలు.

వేడి తగిలితే చెయ్యి పెట్టకుండానే గీతల వెంట ముడుచుకునే పల్చటి ప్లాస్టిక్ రేకు అది. ఆ విద్యతోనే ఏనాటికైనా గుండె రక్తనాళంలోకి దూరి విచ్చుకునే గొట్టం చెయ్యాలని అతని కల. ఈ రోజు చూపించడానికి మాత్రం, కప్ప బొమ్మలుగా మారే తెల్లరేకులు ఎనిమిది సొరుగులో పెట్టాడు. ఆ సంగతి టీ పెట్టే హత్సుయెకు చెప్పలేదు. టీ పెట్టేవాళ్లకు సైన్సెందుకని. చదువుకున్నవాళ్లకు ఆ జబ్బు ఉంటుంది.

అతిథికి తీపి పెడితే కింద తెల్లకాగితం వెయ్యాలి. వెయ్యకపోతే పరువు తక్కువ. ఆ రోజే కాగితాలు అయిపోయాయి. హత్సుయె సొరుగు తెరిచింది.

పొగలు కక్కే తీపి బన్నును రేకు మీద పెట్టి ఒనొదెరా ముందుంచింది. రేకు నాలుగు కాళ్లూ లేపి, బన్నును పొట్టలో పెట్టుకుని, కప్పలా కూర్చుంది.

తప్పు జరిగితే చూడనట్టు ఉండటమే అక్కడ మర్యాద. ఒనొదెరా కూడా మర్యాదస్తురాలే. ఈ ఊరి పద్ధతి కాబోలనుకుని వంగి నమస్కరించింది. షిరహసే ఇంకా వంగాడు. డైరెక్టర్ కురిహరా అంతకన్నా వంగాడు. అప్పుడే ఆయన ముందుకొచ్చిన రెండో బన్నుతో పాటు ఆయన టై కూడా కప్ప పొట్టలోకి పోయింది.

"సార్, మీ టై..."

"నువ్వు చూడలేదు. నేనూ చూడలేదు. వంగే ఉండు."

హత్సుయె నొసలు చిట్లించింది. "ఇదేం కాగితమండీ, ఊరికే ముడుచుకుపోతోంది! ఎక్కడ దొరికింది మీకు?"

"ఆరేళ్లు పట్టిందండీ," అన్నాడు షిరహసే పళ్లు బిగించి.

"ఆరేళ్ల నాటిదా! అందుకే ఇలా ఏడ్చింది."

మూడోదైనా సాపుగా ఉండాలని దాన్ని వేడి తువ్వాలుతో గట్టిగా రుద్దింది. తువ్వాలు కప్ప పాలైంది. ఇక లాభం లేదని మిగిలిన అయిదింటినీ బల్ల మీద పరిచి, మీద మరుగుతున్న టీ కూజా పెట్టింది. "బరువు పడితే అవే దారికొస్తాయి."

కూజా జానెడు లేచింది. కింద అయిదు కప్పలు. ఒక్క చుక్క ఒలకలేదు.

రేకులన్నీ అయిపోయాయి. షిరహసే నేల మీద మోకరిల్లి నుదురు ఆనించాడు. "క్షమించండి. ఇక ప్రదర్శన లేదు."

"ఇంకా ప్రదర్శనా?" అంది ఒనొదెరా, కప్ప నోట్లోంచి బన్ను కొరుకుతూ. "ఏడు ల్యాబులు తిరిగానయ్యా. అన్నిచోట్లా గంట ఉపన్యాసం, ఆ తర్వాత పనిచెయ్యని మిషను. మీరు ఉపన్యాసం ఎగ్గొట్టారు. ఈ కప్పలుంటే రైల్లో చెయ్యి కాలకుండా బన్ను తినొచ్చు. భేష్!"

సంతకం పడింది.

"మరి గుండె సంగతి, మేడమ్..."

"ఎవరి గుండె?"

నెల తిరక్కుండానే తలుపు మీద బోర్డు మారింది. ఆవిరి బన్నుల విభాగం, అధిపతి హత్సుయె. సొరుగు తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. లోపల ఏముందో షిరహసేకు చెప్పదు.

సైన్సు చేసేవాళ్లకు బన్నులెందుకని.