మోదుగాకు దండయాత్ర

హార్స్లీ హిల్స్ మీదుగా దిగివచ్చిన చల్లగాలి, మదనపల్లె రహదారిపై టమోటా లారీల పొగను కొంచెము పక్కకు నెట్టి తనకు దారి చేసికొనుచుండిన ఒకానొక ఆదివార సాయంసమయమున, వినువారు చెవులొగ్గి విందురు గాక, పుంగనూరు పాలకేంద్రపు గుమాస్తా భారతి కొంగు నడుమున దోపి, ఘోరసంగ్రామమునకు సన్నద్ధురాలయ్యెను. ఎదుట నిలిచిన వైరి ఒక మోదుగాకు.

ఆకులకు సిరా పూసి, వాటి ఈనెల సొగసును కాగితము మీదికి దింపు అచ్చుకళను మురళీధర్ అను చిత్రకారుడు మదనపల్లెలోని తన ఇంటి వసారాలో నేర్పుచుండెను. తెల్లవారిన ప్రదర్శన. తోటివారి అచ్చులన్నియు గోడకెక్కి వెలుగుచుండగా, భారతికి కేటాయించిన చోటు బోసిగా నుండెను. పెండ్లియైన పిదప కేవలము తన కొరకని ఆమె పూనుకొన్న మొదటి పని ఇదియే. వచ్చి చూడుడని పుంగనూరులో తన వీధినంతయు పిలిచియు వచ్చెను. ఇక వెనుకడుగు ఎక్కడిది?

మొదటి దాడిలో సిరా మిక్కుటమై, ఆకుకు బదులు మాడిన దోసె ప్రత్యక్షమయ్యెను. రెండవ దాడిలో సిరా చాలక, ఆకు తన నీడను మాత్రము విడిచి జారుకొనెను. మూడవమారు, గిరగిర తిరుగు పంకా అను ప్రచండమారుతము సిరా పూసిన ఆకును అమాంతము ఎగురవేయగా, అచ్చు చక్కగనే పడెను. కాని అది భారతి చెంపపై పడెను.

మిగిలినది ఒకే ఒక కాగితము. అంతలో ఆకును కాగితముపై ఒత్తు అచ్చుమర పిడి బిగుసుకొనిపోయెను. మురళీధరుడు రెండు చేతులతో పెనుగులాడి, చెమట తుడుచుకొని, మేఘగంభీర స్వరమున ఇట్లనెను:

"పట్టేసిందమ్మా. నూనె పోసినా కదల్లే. రేపు మెకానిక్కు వస్తేగానీ కాదు. పోనీ, నీది ఇంకో తూరి పెడదాంలే."

"లేదు సార్. పెడితే ఈ తూరే," అని ఆ ధీరవనిత పైకి పలికెను. లోలోన మాత్రము, "ఓ పలాశపత్రమా, ఎండకు వాడవు, వానకు చివకవు, నా చేతికి మాత్రము లొంగవా? నేడు నీ ప్రతి ఈనెయు ఈ కాగితమున నిలువవలె, లేదా నేను ఈ వసారా మెట్లు మరల ఎక్కరాదు" అని ప్రతిన బూనెను.

పిమ్మట పంకా ఆపి, చిన్న పీటపై తడి కాగితము పరచి, పలుచగా సిరా పట్టిన ఆకును దానిపై బోర్లించి, పైన గుడ్డయు, గుడ్డపై చెక్కపలకయు మోపి, బరువు కొరకు రుబ్బురోటి పొత్రమును తెచ్చుటకై పెరటిలోనికి పరుగెత్తెను.

సరిగా అప్పుడే, కొత్త కళ్ళద్దాలు చేయించుకొని, కోడలిని ఇంటికి తోడ్కొని పోవుటకై బస్టాండు నుండి నడచివచ్చిన అత్తగారు బయ్యమ్మ, గజగమనమున వసారాలో ప్రవేశించెను. మోకాళ్ళు గుంజుచుండెను. ఖాళీగా కనబడిన ఆసనము ఒకటే. "అమ్మయ్య" అని దానిపై చతికిలబడెను.

పొత్రము నెత్తుకొని వచ్చిన భారతి, గుమ్మము వద్దనే కొయ్యబారెను. మురళీధరుడు మెల్లగా చేయి చాచి, "అమ్మా, కదలొద్దు. అట్లే కూసో," అనెను.

"యాలప్పా? కింద పామేమన్నా ఉండాదా?"

"ఆకుండాది అత్తా," అని భారతి పలికెను. "కదిల్తే చెదిరిపోతాది."

"ఏం ఆకు?"

"మోదుగాకు."

"విస్తర్లు కుట్టే ఆకా? దానికింత కతుండాదా," అని గొణిగెను. కాని కోడలి చెంపపై సిరాను, కన్నులలో నీటిని కొత్త అద్దాలలో స్పష్టముగా గాంచి, బయ్యమ్మ పీట అంచులను రెండు చేతుల పట్టుకొనెను. మోకాళ్ళు మొత్తుకొన్నను, దోమ యొకటి మోచేతిపై వాలి విందారగించినను చలింపక, ఊపిరి సైతము పొదుపుగా తీయుచు, కొండవలె కూర్చుండెను.

చాలునని మురళీధరుడు తల యూపగా, ఇరువురును ఆమెను నిలువున పైకి లేపిరి. భారతి పలక తీసెను, గుడ్డ తీసెను, కాడ పట్టి ఆకును ఒలిచెను. తెల్లని కాగితము నడుమ నిలువుటీనె, దాని నుండి చీలిన పాయలు, పాయలలోని పాయలు, అంచున పురుగు తొలిచిన చిల్లితో సహా, ఒక్కటియు తప్పక నిలిచియుండెను.

"బాగుండాదే," అని బయ్యమ్మ వంగి చూచెను. "కింద పేరు రాస్తారంట గదా. రాసేటప్పుడు నాదీ రాయి పాపా. ఊరికేనా కూసున్నేది?"

భారతి పకపక నవ్వి, పెన్సిలు చెక్కి, తన పేరు పక్కన అత్తగారి పేరు వ్రాసెను. ఈ విధముగా జానెడు కాగితమున ఒక ఆకు చెదరక దిగెను, వైరి ఓడెను, అత్తాకోడండ్రు జంటగా గెలిచిరి. పుంగనూరు బస్సు మాత్రము వారిని విడిచి వెడలిపోయెను.