చెరిపేసిన మొదటి వరస

ఆ ఉదయం కంటి ఆసుపత్రి కంప్యూటరాయన అనుకున్న పని చిన్నదే. రోగులను వరసగా పిలిచే కొత్త ప్రోగ్రాంను పెద్ద డాక్టరుకు చూపించి, "నేనే రాశాను సార్" అనడం. నిజానికి దాన్ని రాసింది వేరే ఆసుపత్రి నర్సు. ఎవరైనా ఊరికే వాడుకోండి, మార్చుకోండి అని ఇంటర్నెట్‌లో అందరి కోసం పెట్టింది. రోగుల జాబితా మొదటి వరసలో తన పేరు మాత్రం ఉంచమంది.

అతను ఆ వరస చెరిపేశాడు. అక్కడ తన పేరు పెట్టుకునే ధైర్యం చాలలేదు. మొదటి వరసలో ఎవరుంటే వారినే రాసినవారిగా తెర మీద చూపి, రెండో వరస నుంచి రోగులను పిలవడం ఆ ప్రోగ్రాం పద్ధతి. అది అతను గమనించలేదు.

ఇప్పుడు మొదటి వరసలో ఉన్నది, ఆరింటికే వచ్చి కూర్చున్న ఒక బామ్మ. వెనకాలవాళ్లందరికీ పిలుపు వచ్చింది, ఆమెకు రాలేదు. పన్నెండులోగా డాక్టరు చూడకపోతే ఆమె కంటి ఆపరేషన్ మూడు నెలలు వెనక్కి పోతుంది.

పదకొండింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. "నేనే రాశాను సార్" అన్నాడు కంప్యూటరాయన. డాక్టరు తెర చూశాడు. "ఈ ప్రోగ్రాం రాసినవారు" అని, పక్కన బామ్మ పేరు.

"ఎవరయ్యా ఈవిడ?"

"నేనే బాబూ!" బామ్మ లేచింది. "ఇప్పటికి పిలిచారా?"

"అమ్మా, ఇది మీరు రాసిందేనా?"

తన ఆసుపత్రి చీటీ మీద రాసిన పేరు గురించి అడుగుతున్నాడనుకుంది బామ్మ. "నేనే. మొన్నటిదాకా వేలిముద్రే. ఇప్పుడు సొంతంగా రాస్తున్నా."

డాక్టరు కంప్యూటరాయన వైపు తిరిగాడు. "ఈ వయసులో నేర్చుకుని ఈవిడ రాస్తే, నీదని చెప్పుకుంటావా? సిగ్గు లేదూ?"

బామ్మను సగౌరవంగా కంటి గది దాటించి, డాక్టరు సొంత గదిలో కూర్చోబెట్టారు.

"కాఫీ వద్దు నాయనా, కన్ను చూడండి."

"ఎంత నిరాడంబరత!" అన్నాడు డాక్టరు.

పదకొండూ నలభై. కంప్యూటరాయన ఇక ఆగలేకపోయాడు. "ఈవిడ దగ్గర కొట్టెయ్యలేదు సార్!"

"మరి?"

"వేరే ఆవిడ దగ్గర."

జరిగిందంతా విని బామ్మ నెమ్మదిగా అడిగింది. "ఇంత ఇచ్చి, పేరొక్కటే ఉంచమందా?"

"అవును బామ్మా."

"నా పేరు రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది బాబూ. పరాయి ఆడకూతురి పేరు నువ్వు ఒక్క వేలితో తుడిచేశావు."

అతను తల వంచుకుని వెళ్లి నర్సు పేరు తిరిగి పెట్టాడు. మరుక్షణమే తెర మొదటి చీటీని, అంటే బామ్మను, పిలిచింది. పన్నెండుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి.

మర్నాడు భోజనాల వేళ కంప్యూటరాయన టిఫిన్ డబ్బా మీద ఒక చీటీ అంటించి ఉంది: "వండినవారు: మా ఆవిడ."