సీసాలోవి, పొట్లంలోవి

ఆ పొద్దు సూర్యకుమారి వేసుకున్న పథకం చిన్నదే. కొడుకు గోపీ స్నానానికి పోగానే వాడి గోళీలు మార్చేయాలి.

గోపీ నాందేడ్ స్టేషన్‌లో గుమాస్తా. ఫిట్స్‌కు రైల్వే దవాఖానలో గోళీలు ఊరికే ఇస్తారు. కానీ కిటికీలోంచి కంపౌండరు "ఫిట్స్ గోలీ, గోపీ!" అని అరిస్తే వరుసంతా తిరిగి చూసేది. అది తట్టుకోలేక వాడు నెట్ కేఫ్‌లో కూర్చుని, అదే మందు చవకగా ఏదో దేశం నుంచి తెప్పించుకున్నాడు. సీసా మీద రాత ఏ భాషదో ఎవరికీ తెలియదు.

"ఎవ్వడు చేసిండో, ఏం కలిపిండో! విషమైతే ఎట్ల బిడ్డా?"

"అదే మందమ్మా, పేరే వేరు. నీకు గోదావరి పుల్ ఎక్కినా కూలుతదనే భయమాయె!"

ఆ రాత్రి ఆమె కంటి మీద కునుకు లేదు. అల్మారాలో రైల్వే పొట్లం మిగిలే ఉంది. అవీ తెల్లవే, ఇవీ తెల్లవే. బాత్రూంలో నీళ్ళ చప్పుడు మొదలవగానే సీసాలోవి కొంగులో పోసుకుని, పొట్లంలోవి సీసాలో నింపింది. కొంగులోవి పొట్లంలో కట్టేసింది.

ఇక ఇల్లు ఎన్నడూ లేనంత ప్రశాంతం. గోపీ చేయి అదిరి చాయ్ ఒలికింది. "నిద్ర తక్కువైందమ్మా, భయపడకు."

"నేనెందుకు భయపడ్త? గోలీ ఏస్కో."

పక్కింటి విమలాబాయి ఆమె నుదురు పట్టి చూసింది. "పానం మంచిగ లేదా అక్కా? భయపడ్తలేవేంది?"

శుక్రవారం ప్లాట్‌ఫాం మీద గోపీ కొయ్యలా బిగుసుకుని పడిపోయాడు. నుదురు పగిలింది, నాలుక తెగింది. పట్టాలకు జానెడు దూరంలో ఆగాడు.

దవాఖానలో డాక్టరు సూర్యకుమారి తెచ్చిన సీసాలోని గోళీ నలిపితే పొడిపొడిగా రాలింది. "ఇస్‌మే దవాచ్ నై, బాయి. మందే లేదు, ఉత్త సుద్ద. ఇదేనా మింగింది?"

"కాదు సారూ!" సూర్యకుమారి లబోదిబోమంది. "వాడు తిన్నది రైల్వే గోలీయే! పొట్లంలయి నేనే సీసాల పోసిన!"

మంచం మీద గోపీ కళ్ళు తెరిచాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అమ్మా... నీ భయం నాకు గూడ పట్టింది. సీసా అచ్చిన రోజే మార్చిన. రైల్వేయి సీసాల, ఫారిన్‌యి పొట్లంల. నీతోని చెప్పాల్నంటే నామోషీ అయింది."

అంటే కొడుకు భయపడి పక్కకు పెట్టిన సుద్దనే తల్లి భయపడి మళ్ళీ సీసాలో పోసింది. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆ ఇంట్లో ఇద్దరిలో ఒక్కరైనా జాగ్రత్త పడకుండా ఉంటే, గోపీ ఆ రోజు నిక్షేపంగా డ్యూటీ చేసేవాడు.