నీళ్లు కిందికి పారుటపై అభ్యంతరములు

ఈ దేశంలో ప్రతి పౌరుడికీ న్యాయం పొందే హక్కు ఉంది. ఆ న్యాయం మీద అభ్యంతరం చెప్పే హక్కు దానికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. ఈ రెండో హక్కును కాపాడే భారాన్ని మా ప్రాంతంలో సీనియర్ న్యాయవాది భానుప్రసాద్ గారు ఒంటిచేత్తో మోస్తున్నారు. ఆయనకు ఎదురుగా నిలబడే వకీలును నేను. పేరు నిరోష. నిజామాబాద్‌లో ఉంటాను, బోధన్ బస్సెక్కుతాను, ఏ కోర్టు ముందు దిగుతానో మాత్రం చెప్పను. (చెబితే దానికీ అభ్యంతరం వస్తుంది.)

కేసు చిన్నది. వర్ని దిక్కున హన్మవ్వకు రెండెకరాల వరి ఉంది. తూము నుంచి వచ్చే పిల్లకాల్వ ముందు బాపురావు చెరకు తోట దాటి, తర్వాత ఆమె మడికి చేరుతుంది. నిరుడు యాసంగిలో, అంటే రబీలో, బాపురావు తన ట్రాక్టర్ తిప్పుకోవడానికి దారి కావాలని ఆ పిల్లకాల్వలో మట్టి పోశాడు. హన్మవ్వ వరి పొట్ట మీద ఉంది. ఆ అదనులో తడి అందకపోతే గింజ పట్టదు, తాలు మిగులుతుంది. మట్టి తీయమని కోర్టు ఒక్క ఆర్డర్ ఇస్తే చాలు. అర్జెంటు అని ఎర్ర సిరాతో రాసి పిటిషన్ వేశాను.

మొదటి వాయిదా నాడు భానుప్రసాద్ గారు లేచి అర్జెంటు అన్న మాటకు అభ్యంతరం చెప్పారు. "నాటు వేసింది ఎప్పుడో, ఇవ్వాళ అర్జెంటు ఏంది యువరానర్?" తర్వాతి వాయిదాకు ఎర్ర సిరా మీద అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత నేను నోరు తెరిచాను, దానికీ చెప్పారు. (నేను తెరిచింది దగ్గడానికి. రికార్డులో మాత్రం అది నా వాదన కింద నమోదైంది.)

అక్కడితో ఆగితే ఆయన సీనియర్ ఎందుకవుతారు? చివరికి వేసిన కౌంటర్‌లో ఆయన ఇలా రాశారు. "పై మడి నుంచి కింది మడికి నీళ్లు పారుతాయని పిటిషనర్ ఆరోపిస్తున్నారు. దీనికి ఎలాంటి ఆధారమూ దాఖలు చేయలేదు. కనుక సదరు ఆరోపణను ఖండిస్తున్నాము."

నేను నవ్వాను. కొత్త వకీళ్లు చేసే తప్పు ఇదే.

"ఈ పిల్లకు చట్టం తెల్వదు, మర్యాద తెల్వదు. ఎవరు పంపిస్తారండీ ఇట్లాంటోళ్లను!" అని ఆయన హాలు అదిరేలా అరిచారు. వెనక బెంచీలో బాపురావు తృప్తిగా తలూపాడు. బాపురావు తలూపిన ప్రతిసారీ ఆయన గొంతు ఇంకాస్త పెరుగుతుంది. బాపురావు రాని వాయిదాల్లో మాత్రం నన్ను "అమ్మా" అంటారు. జడ్జి గారు ఫైలు తిరగేసి, "ఆధారమేదో పెట్టెయ్యండమ్మా, అయిపోతుంది" అన్నారు.

బయటికి రాగానే భానుప్రసాద్ గారు క్యాంటీన్‌లో చాయ్ ఇప్పించారు. "మనసుల పెట్టుకోకమ్మా. తిట్టకపోతే మా బాపురావుకు నమ్మకం కుదరదు. ఇగో, బిస్కెట్ తీస్కో." తీసుకున్నాను. గేటు దగ్గర నిలబడ్డ హన్మవ్వ ఆ బిస్కెట్ వైపు కాసేపు చూసింది.

"బిడ్డా, నీళ్లు కిందికి పారుతయని గా సారుకు ఎరుక లేదా?"

"ఎరుకే అవ్వా. రుజువు చెయ్యమంటుండు."

"మరి గాయిన తానం జేస్తే నీళ్లు యాడికి వోతున్నయంట?"

పాయింటు గట్టిదే. కానీ ప్రతివాది వకీలు గారి స్నానాన్ని రికార్డులోకి తేవడానికి చట్టంలో వీలు దొరకలేదు.

నిజామాబాద్‌లో వాలు ధ్రువీకరణ విభాగం అనేది ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. (నేను వెళ్లి అడిగాక ఆ విభాగానికీ తెలిసింది.) ఉప పర్యవేక్షకులు ఆత్మారాం గారు నా దరఖాస్తును రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"నీళ్లు పైకి వోయేదానికి ఫార్మాట్ ఉన్నది మేడం. ఎత్తిపోతల లిఫ్టులకు ఇస్తం. కిందికి వోయేదానికి ఇప్పటిదాంక ఎవ్వలు అడుగలె."

"అందులోనే 'పైకి' కొట్టేసి 'కిందికి' అని రాయండి సార్."

"కొట్టివేతలుంటే చెల్లది మేడం. ఫైలు పైకి పంపాలె."

పంపారు. (ఫైళ్లు ఎప్పుడూ పైకే పారతాయి. దానికి ఎవరూ ఆధారం అడగరు.)

అది తిరిగి వచ్చేలోపు ఒకసారి హన్మవ్వ పొలానికి పోయాను. మడి నెర్రెలు వాసింది. వెన్నులు బయటికి వస్తూనే తెల్లబడుతున్నాయి. హన్మవ్వ గట్టు పక్కనున్న నాలుగు దుబ్బులకు బిందెతో నీళ్లు పోస్తోంది. "గివన్న బతుకుతయేమో అని" అంది. నాకు భానుప్రసాద్ గారి మీద కోపం వచ్చింది. ఆ బిస్కెట్ తిన్నందుకు నా మీద నాకు ఇంకా ఎక్కువ వచ్చింది.

సర్టిఫికెట్ వచ్చింది. "సాధారణ పరిస్థితులలో నీరు పై నుండి కిందికి పారునట్లు తెలియవచ్చుచున్నది." కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర, దాని మీద ఇంకో ముద్ర. పరుగున తెచ్చి కోర్టులో పెట్టాను.

భానుప్రసాద్ గారు దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "సాధారణ పరిస్థితులు అంటున్నరు యువరానర్. కోర్టు దాంక వచ్చినంక ఇంక సాధారణ పరిస్థితి ఎక్కడిది? పైగా తెలియవచ్చుచున్నది అట. ఎవరికి తెలియవచ్చింది? ఆయన కండ్లతోని చూసిండా, ఎవరన్న చెప్పంగ విన్నడా? ఆయన్ను బోనుల నిలబెట్టి అడగాలె."

ఆత్మారాం గారికి సమన్లు పంపారు. ఆయన నీటి పొదుపు శిక్షణకు వెళ్లారని జవాబు వచ్చింది. వాయిదా పడింది. శిక్షణ పొడిగించారు, మళ్లీ పడింది.

ఆ తర్వాతి వాయిదాకు హన్మవ్వ ఒక తాలు వెన్ను కొంగులో కట్టుకుని వచ్చింది. నేను లేచి, పంట ఎండిపోయినందున తడి ఇప్పించమన్న పిటిషన్‌తో ఇక అవసరం లేదని, వెనక్కి తీసుకుంటామని చెప్పాను. అందరూ అలవాటుగా భానుప్రసాద్ గారి వైపు తిరిగారు. ఆయన లేచారు, గౌను సర్దుకున్నారు.

"అభ్యంతరం లేదు యువరానర్."

బంట్రోతు ఉలిక్కిపడి తలెత్తాడు. పిటిషన్ నిమిషంలో ముగిసింది. కోర్టుల్లో ఆలస్యం జరుగుతుందని ఆడిపోసుకునేవాళ్లు ఆ రోజు వచ్చి చూడాల్సింది.

మెట్ల మీద హన్మవ్వ ఆగింది. "ఓడిపోయినమా బిడ్డా?"

"లేదవ్వా. ఓడలె, గెలువలె. పంట పోయింది కదా, పిటిషన్ అక్కర లేకుంట అయింది."

ఆమె కొంగు ముడి విప్పి, ఆ వెన్నును మెట్టు మీద పెట్టింది. "గాయిన పని గాయిన మంచిగనే జేసిండు. నువ్వు గూడ పోయి గాయిన దగ్గర నేర్సుకోరాదు బిడ్డా." తిట్టినట్టు అనలేదు. ఇంట్లో పిల్లకు చెప్పినట్టే చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దవాళ్ల మాట. నేర్చుకున్నాను.

ఈ యాసంగికి ఆ దిక్కు నుంచే భోజన్న అనే పై మడి రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కింది మడి ఈరవ్వ అనే ఆమె నీళ్ల కోసం కేసు వేసిందట, అర్జెంటట. భోజన్నను వెనక బెంచీలో, తలూపితే నాకు కనిపించే చోట కూర్చోబెట్టాను. లేచి, పై మడి నుంచి కింది మడికి నీళ్లు పారుతాయనడానికి ఎలాంటి ఆధారమూ దాఖలు చేయలేదని చెప్పాను.

ఈరవ్వ తరఫున వచ్చిన కొత్త వకీలు నవ్వాడు.

బయటికి వచ్చాక బిస్కెట్ నేనే ఇప్పించాను.